పది ఎలక్ట్రాన్ల అయోమయం: పీణ్య నుంచి వచ్చిన జెర్మేనియం సిట్రేట్ కేసు

బెంగళూరు పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న యూనిట్ బిస్మత్ జెర్మనేట్ పొడి తయారుచేస్తుంది. గామా కిరణం తగిలితే వెలుగునిచ్చే పదార్థం ఇది. ఆసుపత్రుల్లో శరీరం లోపల గామా కిరణాలతో చూసే పెట్ స్కానర్ల డిటెక్టర్లలో దీని స్ఫటికాలు వాడతారు. ఈ యూనిట్ స్ఫటికాలు పెంచదు, పెంచేవాళ్లకి ముడిసరుకుగా పొడి అమ్ముతుంది. యజమానిది ఒంగోలు వైపు. స్ఫటికాల లోపలి కట్టడం తేల్చడానికి బెంగళూరులో మేం నడిపే ఎక్స్‌రే ల్యాబ్‌కి అంతకుముందు కూడా ఒకటి రెండుసార్లు శాంపిల్స్ పంపించారు.

వాళ్ల పద్ధతి సిట్రేట్ జెల్. 1967లో పెచీనీ అనే పరిశోధకుడు పేటెంట్ పొందిన పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. బిస్మత్ నైట్రేట్‌ని నైట్రిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో కరిగిస్తారు. ఆమ్లం లేకపోతే బిస్మత్ తెల్లగా విరిగి అడుక్కి దిగిపోతుంది. అందులో జెర్మేనియం సిట్రేట్ ద్రావణం పోసి, నీళ్లు ఇంకేదాకా వేడిచేస్తే చిక్కటి జెల్ మిగులుతుంది. దాన్ని మెల్లగా మాడ్చి, ఆ బొగ్గుని ఫర్నెస్‌లో కాలిస్తే పొడి తయారు. ఏళ్ల తరబడి ఇలాగే చేస్తున్నారు, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

కొత్త సప్లయర్ దగ్గర కొన్న జెర్మేనియం సిట్రేట్ లాట్‌తో జెల్ మాడకుండా ఒక్కసారిగా భగ్గుమంది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏం కాలేదు, ఫ్యూమ్ హుడ్ పైకప్పుకి మాత్రం పొడి అంటుకుంది. యజమాని ఫోన్ చేసి, "హీటర్ వాళ్లు వచ్చి థర్మోకపుల్ మార్చి వెళ్లారు మేడమ్. మార్చాక పెట్టిన బ్యాచ్ కూడా అలాగే అంటుకుంది. తేడా సరుకులోనే ఉంది, సరుకుతో వచ్చిన రిపోర్టులో మాత్రం అంతా కరెక్టుగానే ఉంది. మీరే చూడాలి," అన్నారు.

రిపోర్టు చూస్తే నిజంగానే అంతా కరెక్టుగా ఉంది. ఈ కేసులో అసలు చిక్కు అదే.

కాగితం మీద ఒక్క తప్పూ లేదు

సప్లయర్ సర్టిఫికెట్‌లో పదార్థం పేరు బిస్ సిట్రాటో జెర్మేనిక్ ఆమ్లం, రెండు నీటి అణువులతో. అణుభారం 488.9. ఆ లెక్కన జెర్మేనియం 14.86 శాతం, కార్బన్ 29.5, హైడ్రోజన్ 3.3 ఉండాలి. వేడిచేస్తూ బరువు చూస్తే మొదట నీరు పోయి 7.4 శాతం తగ్గాలి, అంతా కాలాక జెర్మేనియం డయాక్సైడ్‌గా 21.4 శాతం మిగలాలి. వచ్చిన ఫలితాలు వీటికి అతుక్కుని ఉన్నాయి. హైడ్రోజన్ మాత్రం 3.5 వచ్చింది, అది కూడా మామూలుగా ఒప్పుకునే 0.4 తేడా లోపలే.

ఇప్పుడు ఇదే ఆమ్లానికి అమ్మోనియం లవణాన్ని తీసుకుందాం, నీరు లేకుండా. అణుభారం 486.9. జెర్మేనియం 14.92 శాతం, కార్బన్ 29.6, హైడ్రోజన్ 3.7. రెండు అమ్మోనియా అణువులు పోతే తగ్గే బరువు 7.0 శాతం. చివర మిగిలే డయాక్సైడ్ 21.5. అంటే రెండు వేర్వేరు పదార్థాలకి ఒకే సర్టిఫికెట్ సరిపోతుంది. తేడా కనిపించే కాలమ్ ఒక్కటే, నైట్రోజన్: ఒకదానిలో సున్నా, రెండోదానిలో 5.75. ఆ రిపోర్టు రాసిన ల్యాబ్‌లో కార్బన్, హైడ్రోజన్ మాత్రమే చేశారు. ఫార్ములాలో లేని మూలకాన్ని ఎవరు అడుగుతారు?

యూనిట్ వాళ్లకి కావలసింది జెర్మేనియం శాతం. బిస్మత్, జెర్మేనియం 4:3 నిష్పత్తిలో పడాలి, అంతవరకే వాళ్ల చూపు. 14.86కీ 14.92కీ మధ్య తేడా తూకంలో కలిసిపోతుంది. అందుకే కాలిన పొడిని పౌడర్ ఎక్స్‌రేలో పెడితే బిస్మత్ జెర్మనేట్ చక్కగానే వచ్చింది, హుడ్‌కి అంటుకోగా మిగిలినంతలో.

అమ్మోనియా మీద అనుమానం నాకు మొదట్లో లేదు. బరువు తగ్గే మొదటి మెట్టు నీటికి ఉండాల్సినదానికన్నా ఆలస్యంగా మొదలైనట్టు అనిపించింది, అంతే. దాన్ని మాత్రం సాక్ష్యం అనలేం. గట్టి హైడ్రోజన్ బంధాల్లో ఇరుక్కున్న నీరు కూడా ఆలస్యంగానే కదులుతుంది.

జెర్మేనియం సిట్రేట్ అంటే ఏమిటి

స్ట్రక్చర్‌లోకి వెళ్లేముందు ఇది కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఇద్దరూ దీన్ని సోడియం సిట్రేట్ లాంటి మామూలు లవణం అనుకుంటారు. నాలుగు ధనావేశాల జెర్మేనియం, మూడు రుణావేశాల సిట్రేట్, కాబట్టి మూడుకి నాలుగు అని లెక్కేస్తే జెర్మేనియం 22 శాతం దాటాలి. అలాంటి పదార్థాన్ని నేనైతే చూడలేదు.

నీళ్లలో విడిగా తిరిగే జెర్మేనియం అయాన్ అంటూ ఉండదు, ఉండేది జెర్మేనిక్ ఆమ్లం. అందులో జెర్మేనియం చుట్టూ నాలుగు ఓఎచ్‌లు ఉంటాయి. సిట్రిక్ ఆమ్లం వచ్చి వాటిని తోసేసి తన ఆక్సిజన్లతో జెర్మేనియాన్ని చుట్టుకుంటుంది, బయటికి నీరు పోతుంది. ఒక్కో సిట్రేట్ మూడు వేళ్లతో అన్నం ముద్ద పట్టుకున్నట్టు మూడు ఆక్సిజన్లతో పట్టుకుంటుంది: మధ్య కార్బన్ మీది హైడ్రాక్సిల్, అదే కార్బన్‌కి అంటుకున్న కార్బాక్సిల్ (సీఓఓఎచ్ గుంపు), పక్క చేతుల్లో ఒకదాని కార్బాక్సిల్. జెర్మేనియంతో మొదటి రెండూ కలిసి ఐదు పరమాణువుల వలయం, మొదటిదీ మూడోదీ కలిసి ఆరు పరమాణువుల వలయం కడతాయి. రెండో పక్క చేయి ఖాళీగా బయటికి వేలాడుతుంది, దాని హైడ్రోజన్ ఊడదు. అటు ఒక సిట్రేట్, ఇటు ఒక సిట్రేట్, మధ్యలో ఆరు ఆక్సిజన్ల అష్టముఖిలో జెర్మేనియం. మొత్తం గుంపు మీద రెండు రుణావేశాలు. ఒదేసా విశ్వవిద్యాలయంలో సెయిఫుల్లినా, మార్ట్సింకో బృందం ఈ అయాన్‌తో రకరకాల లోహాల లవణాలూ సేంద్రియ క్షారాల లవణాలూ చేసి స్ట్రక్చర్లు తేల్చింది.

ఇదంతా జెర్మేనియం సైజు పుణ్యం. ఆరు పొరుగులున్నప్పుడు దాని అయానిక వ్యాసార్ధం 0.53 ఆంగ్‌స్ట్రామ్ (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లో వంతు). సిలికాన్‌కి అది 0.40, ఆరుగురిని చుట్టూ నిలబెట్టుకోవడం దానికి ఇరుకు. టిన్‌కి 0.69, అక్కడ చోటు ఎక్కువ. జెర్మేనియం నాలుగుతోనూ ఉండగలదు, ఆరుతోనూ ఉండగలదు, ఐదూ పరవాలేదు. దాని డయాక్సైడే ఇందుకు రుజువు. క్వార్ట్జ్ తరహా రూపంలో నాలుగు ఆక్సిజన్లు, సాంద్రత 4.2 దగ్గర, నీళ్లలో కొద్దిగా కరుగుతుంది. రూటైల్ తరహా రూపంలో ఆరు ఆక్సిజన్లు, సాంద్రత 6.2, నీళ్లకి అసలు లొంగదు.

ఆమ్లం మారితే పట్టు మారిపోతుంది. ఆక్సాలిక్ ఆమ్లమైతే మూడు ఆక్సాలేట్లు ఫ్యాన్ రెక్కల్లా చుట్టూ చేరతాయి. కుడి తిప్పు, ఎడమ తిప్పు రెండు రూపాలూ వస్తాయి. టార్టారిక్ ఆమ్లంతో కథ ఇంకా ముచ్చటగా ఉంటుంది. దాని రెండు కొనల్లోనూ హైడ్రాక్సిల్, కార్బాక్సిల్ జంటలున్నాయి కాబట్టి ఒక కొనతో ఒక జెర్మేనియాన్నీ, రెండో కొనతో ఇంకోదాన్నీ పట్టుకుంటుంది. రెండు టార్టరేట్లు, రెండు జెర్మేనియాలు కలిసి ఒక మూసిన గుంపు అవుతాయి. ఒక్కో జెర్మేనియానికీ ఐదో చోట ఓఎచ్ నిలబడుతుంది. పాతకాలం వైద్యంలో వాంతి మందుగా వాడిన యాంటిమొనీ టార్టరేట్‌లో కూడా రెండు లోహాల్ని రెండు టార్టరేట్లు కలిపే ఇలాంటి కట్టే ఉంటుంది. కాబట్టి లేబుల్ మీద 'జెర్మేనియం ఫలానా ఆమ్లం' అని రాసినంత మాత్రాన లోపలి కట్టడం గురించి ఏమీ తెలియదు.

పక్కమాట ఒకటి. ఈ సిట్రేట్, లాక్టేట్ కలిపిన సరుకుని 'ఆర్గానిక్ జెర్మేనియం' అని ఆరోగ్యం పేరుతో అమ్మిన రోజులున్నాయి. కార్బన్‌తో నేరుగా బంధం ఉన్న జెర్మేనియం వేరు, ఆక్సిజన్ల ద్వారా మాత్రమే ఆమ్లానికి అంటుకున్న ఈ సిట్రేట్ వేరు. డయాక్సైడ్, లాక్టేట్ సిట్రేట్ తిన్నవాళ్లకి కిడ్నీలు పాడైన కేసులు, చావులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ల్యాబ్‌కి ఎవరైనా ఫోన్ చేసి "తినొచ్చా?" అని అడిగితే నా జవాబు ఒకటే, వద్దు.

స్ఫటికంలో గుర్తుతెలియని ఒక్క శిఖరం

సంచిలోంచి చెంచాడు పొడి గోరువెచ్చని నీళ్లలో కరిగించి, వడకట్టి, చిన్న వయల్‌లో పోసి, మూతకి సూదితో రంధ్రాలు పెట్టి షెల్ఫ్ మీద ఉంచాం. ఇలాంటి పనికి బెంగళూరు గాలి బాగా అనుకూలం, చెన్నైలో అయితే వానాకాలం ఇదే వయల్ ఎండడానికి మొరాయిస్తుంది. రంగులేని పలకలు వచ్చాయి, అంచులు పదునుగా, పోలరైజింగ్ మైక్రోస్కోప్ కింద తిప్పితే ఒక్కసారిగా చీకటయ్యేంత శుభ్రంగా.

మొదటి డేటా మాలిబ్డినం ఎక్స్‌రేతో, గది ఉష్ణోగ్రత దగ్గర తీశాం. స్ట్రక్చర్ ఇట్టే సాల్వ్ అయింది. జెర్మేనియం సరిగ్గా విలోమ కేంద్రం (ఒక పక్క ఉన్నదానికి ఎదురుపక్క తలకిందుల ప్రతిరూపం ఉండే బిందువు) మీద కూర్చుంది కాబట్టి లెక్కలో వచ్చేది సగం జెర్మేనియం, ఒక సిట్రేట్, ఇంకో ఒంటరి శిఖరం, అంటే ఎలక్ట్రాన్లు గుమికూడిన చోటు. విడిగా ఉన్న సిట్రిక్ ఆమ్లానికి కుడి ఎడమల తేడా లేదు. ఒక చేయి లోహాన్ని పట్టుకుని రెండోది ఖాళీగా ఉండగానే మధ్య కార్బన్‌కి ఆ తేడా వస్తుంది. ఇక్కడ విలోమ కేంద్రం ఉంది కాబట్టి ఒకే అయాన్‌లో ఒక సిట్రేట్ కుడిది, రెండోది ఎడమది. హైడ్రాక్సిల్ ఆక్సిజన్ జెర్మేనియానికి బాగా దగ్గర, 1.80 ఆంగ్‌స్ట్రామ్ చుట్టుపక్కల. కార్బాక్సిల్ ఆక్సిజన్లు రెండూ 1.9 దగ్గర. పైన చెప్పుకున్న అయానే, ఇందులో అనుమానం లేదు.

మిగిలింది ఆ ఒంటరి శిఖరం. ప్రోగ్రామ్ దానికి ఆక్సిజన్ అని పేరు పెట్టేసింది. మా రీసెర్చ్ స్కాలర్ది విజయనగరం, పని చురుగ్గా చేస్తాడు. నీటి హైడ్రోజన్లు రెండూ తగిలించి, "అయిపోయింది మేడమ్, సర్టిఫికెట్‌లో ఉన్నదే," అని ఫైల్ పంపించాడు. ఆర్ విలువ (మోడల్‌కీ డేటాకీ ఉన్న తేడా కొలత) బాగుంది, మిగిలిన శిఖరాలు చిన్నవి.

అక్కడ ఆగి లెక్క చూడాలి. మోడల్‌ని డేటాకి తగ్గట్టు సరిదిద్దే రిఫైన్‌మెంట్ ప్రోగ్రామ్‌కి ఎలక్ట్రాన్ల సాంద్రతే కావాలి, ఆవేశాలు సరితూగాయా అన్నది దానికి పట్టదు. మన అయాన్ మీద రెండు రుణావేశాలున్నాయి. ఖాళీ చేతి కార్బాక్సిల్‌లో కార్బన్, ఆక్సిజన్ దూరాలు 1.21, 1.32 ఉన్నాయి. అంటే ఆ చేయి తన హైడ్రోజన్‌ని తనే ఉంచుకుంది. హైడ్రోజన్ ఊడిపోయి ఉంటే రెండు దూరాలూ 1.25 దగ్గర సమానమయ్యేవి. కాబట్టి రెండు ధనావేశాలు ఇంకెక్కడో ఉండాలి, ఆ ఒంటరి శిఖరం తప్ప వేరే చోటు లేదు. అది మామూలు నీరు కాదు. అయితే ప్రోటాన్ తగిలించుకున్న నీరు, అంటే ఆక్సోనియం. కాకపోతే అమ్మోనియం.

నీటికి పది ఎలక్ట్రాన్లు, ఆక్సోనియంకి పది, అమ్మోనియంకీ పదే. ఎక్స్‌రే చూసేది ఎలక్ట్రాన్లనే. పక్కనే 32 ఎలక్ట్రాన్ల జెర్మేనియం ఉన్నప్పుడు హైడ్రోజన్లు ఎన్నో చెప్పడం గది ఉష్ణోగ్రత డేటాతో కష్టం. ఆక్సిజన్ అని పెట్టినప్పుడు ఆ పరమాణువు కంపనం పక్కవాటికంటే పెద్దగా వచ్చింది. ఉన్నవాటికన్నా ఎక్కువ ఎలక్ట్రాన్లు రాస్తే ప్రోగ్రామ్ వాటిని ఇలాగే పలచగా పరిచి సర్దుకుంటుంది. 'నీరు కదా, కాస్త ఊగుతుందిలే' అని మనమూ సర్దుకుపోతాం. పబ్లిష్ అయిన స్ట్రక్చర్లలో కూడా ఇలా సర్దుకుపోయినవి ఉన్నాయనే నా నమ్మకం.

రెండో డేటా 100 కెల్విన్ దగ్గర, ఈసారి రాగి ఎక్స్‌రేతో తీశాం. మాలిబ్డినం కిరణం శక్తి 17.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, జెర్మేనియం శోషణ అంచు 11.1. అంచు దాటిన కిరణం పడితే జెర్మేనియం తనే ఎక్స్‌రేలు వెదజల్లి డేటా వెనక పొగలా నిలబడుతుంది. రాగి కిరణం 8.0 దగ్గరే ఆగుతుంది కాబట్టి ఆ బెడద లేదు.

ఈసారి డిఫరెన్స్ మ్యాప్‌లో (మోడల్‌లో ఇంకా పెట్టని ఎలక్ట్రాన్లని చూపే పటం) ఆ శిఖరం చుట్టూ చిన్న గుట్టలు నాలుగు కనిపించాయి, దాదాపు చతుర్ముఖి మూలల్లో. ఒక్కో గుట్ట దారిలో ఒక్కో ఆక్సిజన్, 2.8 నుంచి 3.0 ఆంగ్‌స్ట్రామ్ దూరంలో. నాకు బాగా నమ్మకం కలిగించింది ఈ దూరాలే. ఆక్సోనియం అయితే మూడే బంధాలు, పిరమిడ్ ఆకారంలో, అవి కూడా బాగా పొట్టిగా, 2.5 నుంచి 2.6 మధ్య ఉండాలి. ఆవేశమున్న ప్రోటాన్‌ని కార్బాక్సిలేట్ ఆక్సిజన్ అంత దగ్గరికి లాక్కుంటుంది. ఇక్కడ అంత పొట్టి బంధం ఆ శిఖరం దగ్గర ఒక్కటీ లేదు. నైట్రోజన్ అని మార్చి రిఫైన్ చేస్తే కంపనం పక్క పరమాణువుల స్థాయికి దిగింది. ఆర్ విలువ మాత్రం పెద్దగా మారలేదు. ఆ అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పేవాళ్లకి ఈ రెండు మోడళ్లూ ఒకటే.

ఇంతా అయ్యాక టెస్ట్‌ట్యూబ్‌లో కొంచెం పొడి వేసి, సోడియం హైడ్రాక్సైడ్ పోసి వేడిచేసి, మూతి దగ్గర తడి ఎర్ర లిట్మస్ పట్టుకుంటే నీలంగా మారింది. వాసన సంగతి చెప్పనక్కర్లేదు. స్కాలర్ కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత, "ముందే ఇది చేస్తే సరిపోయేది కదా మేడమ్?" అన్నాడు. సంచిలో అమ్మోనియా ఉందా అన్న ప్రశ్నకైతే సరిపోయేది. అది మలినంగా కలిసిందా, ఫార్ములాలోనే ఉందా అన్నది లిట్మస్ చెప్పదు. ఇన్‌ఫ్రారెడ్ కూడా ఇక్కడ అంత ఉపయోగపడలేదు. అమ్మోనియం పట్టీ 1400 (సెంటీమీటరుకి తరంగాల లెక్క) దగ్గర రావాలి, కార్బాక్సిలేట్ పట్టీలు కూడా ఆ చుట్టుపక్కలే గుంపుగా వచ్చి దాన్ని మింగేశాయి.

ఇంకో అనుమానం మిగిలింది. మేం చూసింది నీళ్లలో కరిగించి మళ్లీ పెంచిన ఒక్క స్ఫటికం. సంచిలోదీ అదేనా? స్ట్రక్చర్ నుంచి లెక్కగట్టిన పౌడర్ పట్టికనీ, సంచిలోని పొడి పట్టికనీ ఒకదానిమీద ఒకటి పెడితే అన్నీ కలిశాయి, 26 డిగ్రీల కోణం దగ్గర ఒక చిన్న గీత తప్ప. అది క్వార్ట్జ్ తరహా జెర్మేనియం డయాక్సైడ్, కరగకుండా మిగిలిన ముడిసరుకు. నైట్రోజన్ విడిగా చేయిస్తే 5.6 వచ్చింది.

అమ్మోనియా ఎందుకు భగ్గుమంది

పాత సరుకు ఆమ్ల రూపం. బిస్మత్ నైట్రేట్‌తో కలిపి వేడిచేసినప్పుడు నైట్రేట్‌లో చాలా భాగం నైట్రిక్ ఆమ్లం ఆవిరిగా, గోధుమరంగు పొగగా ముందే పోతుంది. జెల్ గట్టిపడేసరికి లోపల ఆక్సిజన్ ఇచ్చే వస్తువు తక్కువ, మెల్లగా మాడుతుంది. అమ్మోనియం ఉంటే నైట్రేట్‌కి పోయే దారి మూసుకుపోతుంది, అమ్మోనియం నైట్రేట్‌గా జెల్‌లోనే ఉండిపోతుంది. ఒక్కో జెర్మేనియానికి రెండు అమ్మోనియంలు. కిలో ఈ అమ్మోనియం లవణంతో 330 గ్రాముల దాకా అమ్మోనియం నైట్రేట్ తయారవగలదు. దాని పక్కనే ఇంధనంగా సిట్రేట్. కంబషన్ సింథసిస్ (జెల్‌ని మండించి పొడి చేసే పద్ధతి) చేసేవాళ్లు కావాలనే అమ్మోనియా పోసి ఈ మంట తెప్పించుకుంటారు. తెలిసి, చిన్న గిన్నెలో చేస్తే అది పద్ధతే. పెద్ద ట్రేలో, తెలియకుండా చేస్తే ప్రమాదం.

అమ్మోనియా ఎక్కడిదని యజమాని సప్లయర్‌ని అడిగారు. మొదట "మా దగ్గర అమ్మోనియా లేనే లేదు" అన్నారట. స్ట్రక్చర్ బొమ్మ పంపించాక దారికొచ్చారు. జెర్మేనియం డయాక్సైడ్ గది ఉష్ణోగ్రత దగ్గర లీటరు నీళ్లలో నాలుగైదు గ్రాములే కరుగుతుంది. సిట్రిక్ ఆమ్లంతో గంటలకొద్దీ మరిగించాలి, కరెంటు ఖర్చు. లైకర్ అమ్మోనియా (నీళ్లలో కలిసిన అమ్మోనియా) పోస్తే త్వరగా కరుగుతుంది, తర్వాత సిట్రిక్ ఆమ్లం పోసి పీహెచ్ దించేస్తారు. అమ్మోనియా ఆవిరైపోయిందనే అనుకున్నారు. పీహెచ్ దించాక అది అమ్మోనియం అయాన్‌గా మారి ద్రావణంలోనే ఉంటుంది. స్ఫటికం కట్టేటప్పుడు ఆక్సోనియం కన్నా దానికే చోటు దొరుకుతుంది.

పాత లాట్ మిగులు కొంచెం యూనిట్‌లో దొరికితే దానికీ లిట్మస్ పరీక్ష చేయించాను, ఎర్రగానే ఉంది.

మిగిలిన సంచులు పారేయమని నేను చెప్పలేదు, జెర్మేనియం ధర తెలిసినవాళ్లెవరూ చెప్పరు. నైట్రేట్ అసలు తగలని పద్ధతిలో వాడొచ్చు. లేదా నీళ్లలో కరిగించి, ధన అయాన్లని పట్టుకుని హైడ్రోజన్‌ని వదిలే కేటయాన్ రెసిన్ కాలమ్ గుండా పంపితే అమ్మోనియం రెసిన్‌లో ఆగి ఆమ్లం బయటికొస్తుంది. యజమాని రెసిన్ దారి ఎంచుకున్నారు. ట్రయల్‌కి తీసిన ద్రావణం లిట్మస్ పరీక్షలో నెగెటివ్ వచ్చింది, దాంతో చేసిన జెల్ పాత పద్ధతిలోనే నల్లగా మాడింది. కొత్త కొనుగోలు ఆర్డర్‌లో ఇప్పుడు రెండు లైన్లు అదనంగా ఉన్నాయి: నైట్రోజన్ శాతం తప్పనిసరిగా చూపాలి, 0.1 దాటకూడదు. పౌడర్ ఎక్స్‌రే పట్టిక జతచేయాలి, 26 డిగ్రీల గీత ఉంటే కరగని డయాక్సైడ్ ఎంతో రాయాలి. ఆ రెండో లైన్ మీద సప్లయర్ ఇంకా బేరమాడుతున్నారు.